పంప్ ఆపి ముప్పై గంటలైనా వేలు కదలలేదు: ఐసీయూలో నర్వ్ స్టిమ్యులేటర్ ఎలా వాడుతున్నారు?

రాత్రి_డ్యూటీ | ఆదివారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ ఐసీయూలో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఆరు నెలల కిందటి ఒక కేసు నన్ను ఇంకా వదలడం లేదు. అందుకే రాస్తున్నాను.

యాభై దాటిన ఒకాయన న్యుమోనియాతో వచ్చారు. రెండో రోజుకే వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. ఎంత సెడేషన్ (నిద్రమందు) ఇచ్చినా మెషీన్‌తో ఫైట్ చేస్తున్నారని, కండరాలను కదలకుండా ఆపే వెక్యూరోనియం మందు పంప్‌తో ఇన్‌ఫ్యూజన్‌గా మొదలుపెట్టారు. మూడో రోజుకి మూత్రం తగ్గిపోయింది, డయాలసిస్ చేశారు. పంప్ రేటు మాత్రం మందు మొదలుపెట్టినప్పుడు కేస్ షీట్‌లో రాసిందే నడిచింది. షిఫ్ట్ మారినప్పుడల్లా మేం ఆ అంకె చూసి మళ్లీ అదే రాసుకున్నాం. నేనూ రాశాను.

ఐదో రోజు ఉదయం ఊపిరితిత్తులు కాస్త కుదుటపడ్డాయని పంప్ ఆపారు. మెలకువ వస్తుందేమో చూద్దామని సెడేషన్ కూడా ఆపేశారు. సాయంత్రానికి కదలిక లేదు. మర్నాడు ఉదయానికీ లేదు. గట్టిగా గిల్లినా ముఖంలో మార్పు లేదు. సీటీ తీస్తే అందులో ఏమీ కనిపించలేదు. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిని ఉండొచ్చని ఆయన భార్యకి చెప్పారు. ఆమె మంచం రెయిలింగ్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మధ్యాహ్నం పక్క బెడ్‌కి లైన్ వేయడానికి వచ్చిన మత్తు డాక్టర్ గారు ఈ సంగతి విని, థియేటర్ నుంచి చేతిలో పట్టే చిన్న మెషీన్ ఒకటి తెప్పించారు. నరానికి చిన్న కరెంటు ఇచ్చి కండరం కదులుతుందో లేదో చూసే నర్వ్ స్టిమ్యులేటర్ అది. మణికట్టు దగ్గర రెండు ఈసీజీ స్టిక్కర్లు అంటించి నొక్కారు. బొటనవేలు ఒక్కసారి కూడా కదలలేదు. మందు ఇంకా ఒంట్లోనే ఉందనీ, మెదడు సంగతి ఇప్పుడే ఎవరూ మాట్లాడొద్దనీ చెప్పారు. అప్పటికి పంప్ ఆపి ముప్పై గంటలు. ఆ తర్వాత రోజు వేళ్లు కదిలాయి. ఆయన బతికి ఇంటికి వెళ్లారు.

మొన్న మా ఐసీయూకి సొంతంగా ఒక నర్వ్ స్టిమ్యులేటర్ కొన్నారు. డ్రాయర్లో ఉంది. దాన్ని ఎలా వాడాలో, ఎన్ని గంటలకోసారి చూడాలో, ఎంత వస్తే సరిపోతుందో మాకెవరూ నేర్పలేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. ఇంకో మనిషికి అలా జరగకూడదు.

---

మత్తుడాక్టర్_విశాఖ | ఆదివారం, రాత్రి 11:35

సిస్టర్, మీరు అడిగింది చాలా ముఖ్యమైన విషయం. కాస్త పెద్దగానే రాస్తాను.

నరం చివర నుంచి అసిటైల్‌కొలిన్ అనే రసాయనం బయటికొచ్చి, కండరం మీదున్న రిసెప్టర్ల దగ్గర కూర్చుంటే కండరం బిగుస్తుంది. వెక్యూరోనియం, అట్రాక్యూరియం, రొక్యూరోనియం లాంటి మందులు ఆ చోటును ముందే ఆపేస్తాయి. బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టు అనుకోండి. అసిటైల్‌కొలిన్ వస్తుంది, కూర్చోవడానికి చోటుండదు. ఎన్ని సీట్ల మీద కర్చీఫ్ పడిందో బయటినుంచి చూసి చెప్పలేం. మెషీన్ పని అది అంచనా వేయడమే.

పద్ధతి పేరు ట్రెయిన్ ఆఫ్ ఫోర్. లివర్‌పూల్‌కి చెందిన హసన్ అలీ, అట్టింగ్, గ్రే 1970లో దీన్ని వివరించారు. అర సెకను ఎడంతో నాలుగు కరెంటు పల్స్‌లు. మణికట్టు దగ్గర చిటికెనవేలి వైపు ఉల్నార్ నరం మీద ఇస్తాం, బొటనవేలు లోపలికి లాగడాన్ని లెక్కపెడతాం. మందు లేనప్పుడు నాలుగూ సమానంగా వస్తాయి. మందు పెరిగేకొద్దీ ముందు నాలుగోది బలహీనపడి పోతుంది, తర్వాత మూడోది, రెండోది, చివరికి మొదటిది. నాలుగూ కనిపిస్తున్నా 70 శాతం దాకా రిసెప్టర్లు ఆగి ఉండొచ్చు. రెండే వస్తే సుమారు 80 నుంచి 85, ఒక్కటే వస్తే దాదాపు 90. ఒక్కటీ రాకపోతే ఇంచుమించు అన్నీ ఆగినట్టే. ఐసీయూలో మామూలుగా ఒకటో రెండో వచ్చేలా పంప్ రేటు సర్దుతారు.

ఇప్పుడు చేసే విధానం. చర్మం మీద చెమట, నూనె తుడవాలి. వెంట్రుకలుంటే తీసేయాలి. నల్ల వైరు స్టిక్కర్ మణికట్టు ముడతకి దగ్గరగా, ఎర్ర వైరుది దానికి రెండు మూడు సెంటీమీటర్లు పైన. బొటనవేలుని మాత్రమే చూడాలి, వీలైతే మీ వేలు దానికి ఆనించి స్పర్శతో లెక్కపెట్టాలి. చిటికెనవేలో ఉంగరపు వేలో కదిలితే లెక్కలోకి రాదు, అక్కడ కరెంటు నేరుగా కండరానికే తగులుతూ ఉండొచ్చు. ఒకసారి చూశాక మళ్లీ చూడాలంటే కనీసం పది పన్నెండు సెకన్లు ఆగండి.

అన్నిటికంటే ముఖ్యం: మందు మొదలుపెట్టకముందే, సెడేషన్ బాగా పట్టాక, ఒకసారి బేస్‌లైన్ తీయండి. కరెంటు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే ఒక దగ్గర బొటనవేలి కదలిక ఇంక పెరగదు. దానిమీద పది ఇరవై శాతం కలిపి ఆ మిల్లీయాంప్స్ చార్ట్‌లో రాయండి, స్టిక్కర్ చోటు పెన్నుతో గుర్తుపెట్టండి. రేపు సున్నా వచ్చినప్పుడు, సున్నా రావడానికి కారణం మందా, సరిగా అంటని స్టిక్కరా అని తేల్చేది ఆ ఒక్క అంకే.

మీరు చెప్పిన కేసుకి వస్తే, అలా జరగడం వైద్యానికి కొత్త కాదు. వెక్యూరోనియం లివర్లో మారినప్పుడు తయారయ్యే ఒక పదార్థానికి కూడా కండరాలను ఆపే శక్తి ఉంది. కిడ్నీ పనిచేయకపోతే అది పేరుకుంటుంది. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఇలాంటి రోగుల గురించే ఒక అధ్యయనం వచ్చింది: మందు ఆపాక రోజుల తరబడి కదలనివాళ్లు, వాళ్లలో ఎక్కువమందికి కిడ్నీ ఫెయిల్యూర్, రక్తంలో ఆ పదార్థం. ముప్పై ఏళ్లు దాటినా అదే కేసు మన దగ్గర జరుగుతోందంటే బాధగా ఉంటుంది. కిడ్నీ దెబ్బతిన్న రోజే అట్రాక్యూరియానికో సిస్‌అట్రాక్యూరియానికో మార్చి ఉండాల్సింది. అవి శరీరపు వేడికి, రక్తపు పీహెచ్‌కి వాటంతట అవే విడిపోతాయి, కిడ్నీ కోసం ఆగవు.

---

ఐసీయూ_పీజీ | సోమవారం, ఉదయం 6:10

సార్, చాలా ఉపయోగపడింది. ఒక డౌట్. అదే పేషెంట్‌కి అమికాసిన్, కొలిస్టిన్ లాంటి యాంటీబయాటిక్స్ నడుస్తుంటే కండరాల బ్లాక్ పెరుగుతుందని చదివాను. డోసు ముందే తగ్గించాలా?

---

మత్తుడాక్టర్_విశాఖ | సోమవారం, ఉదయం 6:48

పెరుగుతుంది. అమైనోగ్లైకోసైడ్లు (అమికాసిన్ రకం), కొలిస్టిన్, క్లిండామైసిన్, మెగ్నీషియం, అన్నీ పెంచేవే. పొటాషియం తగ్గినా, ఒళ్లు చల్లబడినా పెరుగుతుంది. చాలాకాలంగా ఫిట్స్ మందు ఫెనిటాయిన్ వాడుతున్నవాళ్లలో తిరగబడుతుంది, వెక్యూరోనియం, రొక్యూరోనియం తొందరగా దిగిపోతాయి. ఊహించి తగ్గించడం కాదు, ట్విచ్ (మెషీన్ నొక్కితే వచ్చే వేలి కదలిక) చూసి తగ్గించాలి.

---

క్రిటికల్_కేర్_హైదరాబాద్ | సోమవారం, ఉదయం 9:20

విశాఖ సార్ చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. అంకెను పట్టుకుని వేలాడొద్దు.

ఏఆర్‌డీఎస్‌లో, అంటే ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఆక్సిజన్ అందని స్థితిలో, ఈ మందుల మీద రెండు పెద్ద ట్రయల్స్ ఉన్నాయి. 2010లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన అక్యురాసిస్‌లో 340 మంది. 48 గంటలు సిస్‌అట్రాక్యూరియం ఇస్తే మరణాలు తగ్గినట్టు కనిపించింది. 2019లో అమెరికాలో జరిగిన రోజ్ ట్రయల్‌లో 1006 మంది. అక్కడ 90 రోజుల మరణాలు మందు ఇచ్చినవారిలో 42.5 శాతం, ఇవ్వనివారిలో 42.8 శాతం. అంటే తేడా లేనట్టే. ఈ రెండిటిలోనూ మందును అందరికీ ఒకే రేటులో ఇచ్చారు, ట్విచ్ చూసి సర్దలేదు.

ఇక ట్రెయిన్ ఆఫ్ ఫోర్ చూసి ఇస్తే లాభమా అన్నదాని మీద కూడా చిన్న అధ్యయనాలున్నాయి. 1997లో వెక్యూరోనియం మీద చేసినదాంట్లో, ట్విచ్ చూసి ఇచ్చినవాళ్లకి మందు తక్కువ పట్టింది, త్వరగా కోలుకున్నారు. అట్రాక్యూరియం, సిస్‌అట్రాక్యూరియంతో చేసినవాటిలో అంత తేడా కనబడలేదు. సిస్టర్ చెప్పిన కేసులో తేడా ఎందుకంత పెద్దదైందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మందు పేరుకునే రకం అయినప్పుడు మెషీన్ ప్రాణం కాపాడుతుంది.

అమెరికా సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ 2016 మార్గదర్శకాలు కూడా ఒక్క ట్రెయిన్ ఆఫ్ ఫోర్ మీదే ఆధారపడొద్దనీ, రోగిని చూడటంతో కలిపి వాడమనీ చెప్పాయి. అసలు పేషెంట్‌ని ఎందుకు పారలైజ్ చేశాం (కండరాలు కదలకుండా ఆపాం)? వెంటిలేటర్‌తో గొడవ ఆగాలని. అది ఆగిపోయి, ఆక్సిజన్ నిలబడి, ట్విచ్‌లు నాలుగూ వస్తున్నాయనుకోండి. పంప్ పెంచాల్సిన అవసరమే లేదు. రెండు రావాలని రాసుంది కదా అని పెంచేవాళ్లని నేను చూశాను. రోజుకొకసారైనా మందు ఆపి, ఇంకా అవసరమా అని చూడండి. స్టెరాయిడ్లు కూడా నడుస్తున్న పేషెంట్ అయితే మరీ జాగ్రత్త, తర్వాత నెలల తరబడి కండరాల నీరసం మిగులుతుంది.

---

సిస్టర్_లీడ్స్ | సోమవారం, మధ్యాహ్నం 3:05

తెనాలిలో నర్సింగ్ చదివి ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఐసీయూలో చేస్తున్నాను. బెడ్ దగ్గర నేను చేసేది చెబుతాను.

మందు మొదలైన కొత్తలో, రేటు మార్చినప్పుడల్లా గంటకోసారి చూస్తాను. ఒక లెవెల్లో నిలబడ్డాక నాలుగు గంటలకోసారి. చేతులు వాచిపోయి ఉంటే కరెంటు నరం దాకా వెళ్లదు, సున్నా వస్తుంది, మనం మందు ఎక్కువైందనుకుంటాం. చేతులు చల్లగా ఉన్నా అంతే. అప్పుడు చీలమండ లోపలివైపు నరం మీద పెట్టి కాలి బొటనవేలు చూడొచ్చు. లేదా కణత దగ్గర ముఖనరం మీద పెట్టి కనుబొమ్మ చూడొచ్చు. ముఖం కండరాలు చేతి కండరాల కన్నా మందును ఎక్కువ తట్టుకుంటాయి, కాబట్టి ఆ రెండు లెక్కలు ఒకటి కావు. ఎక్కడ చూశారో చార్ట్‌లో రాయకపోతే తర్వాతి షిఫ్ట్ వాళ్లు తికమకపడతారు.

పక్షవాతం వచ్చిన వైపు చెయ్యి ఎప్పుడూ వాడొద్దు. ఆ వైపు రిసెప్టర్లు ఎక్కువై ట్విచ్‌లు బలంగా వస్తాయి, మందు చాలలేదనుకుని పెంచేస్తాం.

కళ్ల గురించి ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను. రెప్ప వేయలేని మనిషి కన్ను గంటల్లోనే ఎండిపోతుంది. కార్నియా మీద పుండు పడితే, ఊపిరితిత్తులు బాగై ఇంటికెళ్లినా చూపు పోతుంది. జెల్ వేసి రెప్పలు పూర్తిగా మూసి ఉంచడం, నాలుగు గంటలకోసారైనా చూడటం. ఇది ఆర్డర్ రాయకపోయినా చేయాల్సిన పని. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్, పక్కకు తిప్పడం, మడమలు పరుపుకి ఒత్తుకోకుండా చూడటం కూడా. దగ్గలేరు కాబట్టి సక్షన్ (ట్యూబ్‌లోంచి కఫం లాగడం) కూడా మనమే గుర్తుపెట్టుకోవాలి.

---

తిరిగొచ్చాను | సోమవారం, రాత్రి 8:44

నేను డాక్టర్నీ కాదు, నర్సునీ కాదు. 2021 మేలో కోవిడ్‌తో పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. ఈ చర్చ చదువుతుంటే చేతులు వణికాయి.

నాకు ఎక్కువ భాగం గుర్తులేదు. ఒక్కటి మాత్రం గుర్తుంది. బోర్లా పడుకోబెట్టి ఉన్నారు. ఎవరో నా వీపు తుడుస్తూ పక్కవాళ్లతో వాళ్లబ్బాయి స్కూలు ఫీజు గురించి మాట్లాడుతున్నారు. ప్రతి మాటా వినిపించింది. కళ్లు తెరవాలనుకున్నాను, రాలేదు. వేలు కదపాలనుకున్నాను, రాలేదు. చచ్చిపోయాననుకున్నాను. చచ్చిపోతే ఇలాగే ఉంటుందేమో, అందరి మాటలూ వినబడుతూ ఎప్పటికీ ఇలాగే ఉండాలేమో అని ఎంత భయం వేసిందో చెప్పలేను. అది ఐదు నిమిషాలో అయిదు గంటలో తెలియదు.

ఇంటికొచ్చాక ఎవరికి చెప్పినా కలేమో అన్నారు. ఇప్పటికీ బోర్లా పడుకోలేను.

మొదట రాసిన సిస్టర్‌ని ఒక్కటి అడగాలి. ఆయనకి సెడేషన్ ఆపేశారు అన్నారు. కండరాల మందు ఒంట్లోనే ఉంది అన్నారు. మరి ఆ ముప్పై గంటలు ఆయన ఎలా ఉన్నారు?

---

రాత్రి_డ్యూటీ | సోమవారం, రాత్రి 9:30

మీ మెసేజ్ నాలుగుసార్లు చదివాను. ఆ కేసు గురించి ఆరు నెలలుగా ఆలోచిస్తున్నాను కానీ ఈ ప్రశ్న నాకు తట్టలేదు. మందు, కిడ్నీ, పంప్ రేటు, ఇవే ఆలోచించాను. మెదడు దెబ్బతిందని ఆయన భార్యకి చెప్పింది మంచం పక్కనే.

---

మత్తుడాక్టర్_విశాఖ | సోమవారం, రాత్రి 10:15

తిరిగొచ్చాను గారూ, మీరు చెప్పింది కల అని నేను అనను. వైద్యం వైపు నుంచి మీకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకని నేను చెబుతున్నాను: అలా జరగడం సాధ్యమే, అలా జరిగితే అది రోగి భ్రమ కాదు, మా లోపం.

ఈ మందులు కండరాన్ని మాత్రమే ఆపుతాయి. నిద్ర పట్టించవు, నొప్పి తగ్గించవు. 1942లో మాంట్రియల్‌లో గ్రిఫిత్ అనే మత్తు డాక్టర్ మొదటిసారి ఆపరేషన్‌లో ఈ రకం మందుల్లో పాతదైన క్యురారే వాడాక, అది మెదడుని కూడా మత్తులో ముంచుతుందని కొందరు డాక్టర్లు నిజంగానే నమ్మారు. దాన్ని తేల్చడానికి అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో స్కాట్ స్మిత్ అనే మత్తు డాక్టర్ తన ఒంటికే క్యురారే ఎక్కించుకున్నారు. ఊపిరి ఆగిపోవడానికి కావాల్సినదానికి రెండున్నర రెట్లు. తోటి డాక్టర్లు శ్వాస ఇస్తూ ఉన్నారు. ఏ కండరమూ కదలని స్థితిలో కూడా ఆయనకి అంతా వినబడింది, చుట్టూ జరిగింది తెలిసింది, తర్వాత అంతా చెప్పారు. 1947లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇది తెలిశాక కూడా సెడేషన్ లేకుండా ఒకరిని పారలైజ్ చేస్తే దానికి సాకు ఉండదు.

కాబట్టి సిస్టర్, మీ ఐసీయూలో ఒక్క నియమం పెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. ఆరంభంలో ముందు సెడేషన్, నొప్పి మందు. పిలిచినా తట్టినా స్పందన లేనంత లోతుకి వెళ్లాకే కండరాల మందు. ఆపేటప్పుడు తలకిందులుగా: ముందు కండరాల మందు ఆపాలి, నాలుగు ట్విచ్‌లూ బలంగా తిరిగొచ్చాకే సెడేషన్ తగ్గించాలి. మీ కేసులో రెండూ ఒకేసారి ఆపారు. పొరపాటు జరిగింది అక్కడ.

---

ఐసీయూ_పీజీ | సోమవారం, రాత్రి 10:41

సార్, నుదుటి మీద పెట్టి మత్తు లోతును అంకెలో చూపే బిస్ మానిటర్ పెట్టుకుంటే సరిపోదా? 40 నుంచి 60 మధ్య ఉంటే నిద్రలో ఉన్నట్టే కదా?

---

క్రిటికల్_కేర్_హైదరాబాద్ | సోమవారం, రాత్రి 11:20

సరిపోదు. ఉంటే పెట్టుకోండి, దాన్నే నమ్మి కూర్చోవద్దు. నుదుటి కండరాల విద్యుత్తు కూడా ఆ అంకెలో కలుస్తుంది. 2015లో ఆస్ట్రేలియాలో పదిమంది వాలంటీర్లను ఏ మత్తూ ఇవ్వకుండా, పూర్తి మెలకువలో పారలైజ్ చేసి చూశారు. అంతా తెలుస్తూనే ఉంది, బిస్ మాత్రం 44 దాకా పడిపోయింది. అంటే మెలకువగా ఉన్న మనిషిని ఆ మెషీన్ నిద్రలో ఉన్నట్టు చూపించింది.

ఒక్కసారిగా గుండె వేగం, బీపీ పెరిగాయా, కంట్లో నీళ్లు వచ్చాయా, చెమట పట్టిందా చూడండి. సక్షన్ చేసేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు ప్రత్యేకంగా చూడండి. ఇవేవీ లేకపోయినా నిద్రలో ఉన్నారని గ్యారంటీ లేదు, బీపీ పెంచే నోరాడ్రినలిన్ మీద ఉన్న పేషెంట్‌లో మరీ. అందుకే సెడేషన్ పంప్ ఒక్క నిమిషం కూడా ఖాళీ కాకూడదు. సిరంజి మార్చేటప్పుడు రెండోది ముందే నింపి పక్కన పెట్టుకోవాలి. ఇంకోటి, ఫిట్స్ వచ్చే అవకాశం ఉన్నవాళ్లలో మెదడు తరంగాలు చూపే ఈఈజీ పెట్టాలి. ఒళ్లు కదలదు కాబట్టి ఫిట్స్ వస్తున్నా బయటికి కనబడదు, లోపల మెదడు దెబ్బతింటూ ఉంటుంది.

---

నాన్న_కోసం | మంగళవారం, తెల్లవారుజామున 1:12

మా నాన్నగారు వెంటిలేటర్ మీద ఉన్నారు. చార్ట్ మీద టీఓఎఫ్ 0/4 అని రాసుంది. అంటే బతికే అవకాశం సున్నా అనా? డాక్టర్‌ని అడగడానికి టెన్షన్‌గా ఉంది. దయచేసి ఎవరైనా చెప్పండి.

---

సిస్టర్_లీడ్స్ | మంగళవారం, తెల్లవారుజామున 1:26

కాదమ్మా, టీఓఎఫ్ అంటే పైన చెప్పిన ట్రెయిన్ ఆఫ్ ఫోర్, నాలుగు పల్స్‌లకి ఒక్క కదలికా రాలేదని. దానికీ బతకడానికీ సంబంధం లేదు. కండరాలు ఆపే మందు ప్రస్తుతం బాగా ఎక్కువగా పనిచేస్తోందని మాత్రమే దాని అర్థం. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ గారిని రెండే అడగండి: నాన్నగారికి నిద్రమందు, నొప్పి మందు సరిపడా నడుస్తున్నాయా? కండరాల మందు ఈ రోజు కూడా అవసరమా? అడగడంలో తప్పేం లేదు. లోపలికి పంపినప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని మామూలుగా మాట్లాడండి. ఇంట్లో విషయాలు చెప్పండి. ఆయన దగ్గర ఏడవద్దని అనను, కానీ భయపెట్టే మాటలు బయట మాట్లాడుకోండి.

---

నాన్న_కోసం | మంగళవారం, తెల్లవారుజామున 1:31

థాంక్స్ అక్కా. పొద్దున అడుగుతాను.

---

ఏరియా_ఆసుపత్రి | మంగళవారం, మధ్యాహ్నం 2:17

ఖమ్మం వైపు ఒక ఏరియా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మాకు ఈ మందుల ఇన్‌ఫ్యూజన్లు తక్కువ. కానీ కదలని మనిషిని చూసి మెదడు పోయిందనుకునే ప్రమాదం మాకు ఇంకో దారిలో వస్తుంది: కట్లపాము.

వానాకాలంలో నేల మీద పడుకున్నవాళ్లని రాత్రిపూట కరుస్తుంది. కాటు చాలాసార్లు తెలియదు, గాటు కూడా కనబడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, తర్వాత రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం. మా దగ్గరికి వచ్చేసరికి కొందరికి ఊపిరి ఆగిపోయి ఉంటుంది. ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టాక ఒంట్లో ఎక్కడా కదలిక ఉండదు. లైటు వేస్తే కంటిపాపలు కూడా స్పందించవు. మామూలుగా ఐసీయూలో ఇచ్చే కండరాల మందుకి కంటిపాప చెక్కుచెదరదు, లైటుకి చిన్నదవుతూనే ఉంటుంది, ఎందుకంటే పాపని నడిపే కండరం వేరే రకం. కట్లపాము విషంలో పాప కూడా విప్పారి అలాగే ఉండిపోవచ్చు. దాంతో బ్రెయిన్ డెడ్ అని ఇంటికి తీసుకెళ్లమన్న కేసుల గురించి విన్నాను. ఆ మనిషి లోపల మెలకువగా ఉండొచ్చు. కొన్ని రోజులు వెంటిలేటర్ ఇస్తే లేచి కూర్చుంటారు. నా చేతుల మీదుగా ఒక పదహారేళ్ల పిల్ల ఆరో రోజు కనురెప్ప కదిపింది. ఆ రోజు డ్యూటీ అయిపోయినా నేను ఇంటికి వెళ్లలేకపోయాను.

నాగుపాము విషం సిస్టర్ చెప్పిన మందుల్లాగే రిసెప్టర్లని పట్టుకుంటుంది, అందుకే యాంటీవీనమ్‌తో పాటు అట్రోపిన్ ఇచ్చి, అసిటైల్‌కొలిన్‌ని పెంచే నియోస్టిగ్మిన్ ఇస్తే చాలామందిలో పనిచేస్తుంది. కట్లపాము విషం నరం చివరనే పాడుచేస్తుంది, అక్కడ నియోస్టిగ్మిన్‌తో పెద్దగా ఒరిగేది ఉండదు, నరం కొనలు మళ్లీ కుదురుకునేదాకా ఆగాలి.

పురుగుమందు తాగినవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ట్యూబ్ వేయడానికి సక్సినైల్‌కొలిన్ అనే కండరాల మందు ఇస్తే, నిమిషాల్లో దిగాల్సిన మందు గంటలు ఉండిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని పురుగుమందు ఆపేసి ఉంటుంది. తర్వాత కుదుటపడుతున్నారనుకున్నప్పుడు, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్యలో, మళ్లీ మెడ, శ్వాస కండరాలు నీరసపడతాయి. మెషీన్ లేనివాళ్లకి ఒక సులువైన గుర్తు: తల దిండు మీంచి ఎత్తమనండి. ఎత్తి పట్టుకోలేకపోతున్నారంటే ట్యూబ్ తీయొద్దు.

---

మత్తుడాక్టర్_విశాఖ | మంగళవారం, సాయంత్రం 5:50

ఏరియా ఆసుపత్రి డాక్టర్ గారూ, కంటిపాప గురించి మీరు రాసింది ప్రతి క్యాజువాలిటీలో గోడకి అంటించాలి. కండరాలు పనిచేస్తున్నాయని తేలేదాకా మెదడు గురించి ఎవరూ తీర్పు చెప్పకూడదు. సిస్టర్ కేసులో అయినా, పాము కేసులో అయినా.

ఒకటి కలుపుతాను. వెక్యూరోనియం, రొక్యూరోనియం దిగకపోతే సుగమాడెక్స్ అనే మందు ఆ అణువుల్ని చుట్టుకుని పట్టేస్తుంది. అట్రాక్యూరియం మీద అది పనిచేయదు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లలో వాడకం మీద జాగ్రత్తలున్నాయి, ఖర్చు కూడా ఎక్కువ. నియోస్టిగ్మిన్ అయితే ట్విచ్‌లు ఒక్కటీ రానప్పుడు ఇచ్చి లాభం లేదు.

---

రాత్రి_డ్యూటీ | గురువారం, ఉదయం 9:12

రాత్రి డ్యూటీ దిగి రాస్తున్నాను. డ్రాయర్లోంచి మెషీన్ తీశాం.

కొత్త పేషెంట్, ఏఆర్‌డీఎస్, బోర్లా పడుకోబెట్టాలి. సెడేషన్ లోతుగా పట్టాక డ్యూటీ డాక్టర్ గారితో కలిసి బేస్‌లైన్ తీశాను. 40 మిల్లీయాంప్స్ దగ్గర బొటనవేలి కదలిక ఆగింది, 45 అని రాసుకున్నాం. అట్రాక్యూరియం మొదలుపెట్టి గంటకోసారి చూశాను. మూడు వచ్చాయి, తర్వాత రెండు. తెల్లవారుజామున నాలుగింటికి సున్నా. పంప్ తగ్గించబోయి ఆగాను, ఎందుకంటే అప్పుడే ఆయన సక్షన్‌కి దగ్గారు. అన్నీ ఆగిపోయి ఉంటే దగ్గు ఎలా వస్తుంది? చెయ్యి చూస్తే రాత్రికి రాత్రి ఉబ్బిపోయింది. సిస్టర్ లీడ్స్ గారు చెప్పినట్టు చీలమండ దగ్గర పెట్టాను. మూడు వచ్చాయి. ఎక్కడ చూశానో చార్ట్‌లో రాశాను.

మా ఇన్‌చార్జి సిస్టర్‌ని అడిగి చార్ట్‌లో మూడు కొత్త గళ్లు గీయించాను: ట్విచ్‌లు ఎన్ని, ఏ చోట, కళ్లలో జెల్ ఎప్పుడు. కింద ఎర్ర పెన్నుతో ఒక లైను: నాలుగు రాకుండా సెడేషన్ తగ్గించరాదు. కన్సల్టెంట్ గారు చూసి సంతకం పెట్టారు.

ఇంకో విషయం. తిరిగొచ్చాను గారు అడిగిన ప్రశ్న తర్వాత నేను ఊరుకోలేకపోయాను. ఆ పాత పేషెంట్ నిన్న ఓపీకి రివ్యూకి వచ్చారు. కన్సల్టెంట్ గారితో ముందే మాట్లాడి, ఆయన కూడా ఉండగానే అడిగాను, వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ఏమైనా గుర్తుందా అని. ఆయన కాసేపు ఆలోచించారు. ఏమీ లేదమ్మా అన్నారు. తర్వాత, కళ్లలో ఎవరో జిగురుగా ఏదో వేసేవాళ్లు, వేసి మూసేసేవాళ్లు, తెరవొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు, నాకే తెరుచుకోలేదు అన్నారు. ఆయన భార్య పక్కనే ఉంది. సెడేషన్, మందు రెండూ ఒకేసారి ఆపడం మా పొరపాటని కన్సల్టెంట్ గారు వాళ్లిద్దరికీ చెప్పారు. నేను కూడా క్షమించమని అడిగాను. ఆ జెల్ వేసింది నేనే.

---

తిరిగొచ్చాను | గురువారం, ఉదయం 11:03

సిస్టర్, జెల్ వేసేటప్పుడు ఏం వేస్తున్నారో పైకి చెప్పండి. వేసే ప్రతిసారీ. పేరు పెట్టి పిలిచి చెప్పండి.

---

రాత్రి_డ్యూటీ | గురువారం, ఉదయం 11:20

ఈ రాత్రి నుంచే చెబుతాను. చార్ట్‌లో జెల్ గడి పక్కన అది కూడా రాయిస్తాను.